ఆయన ఎడమచేతి బదులు

మా ఆయనకు డయాలసిస్ మొదలై రెండేళ్ళు దాటింది. వారానికి మూడు రోజులు, మంగళ, గురు, శనివారాలు, రోజుకు నాలుగు గంటలు. మాకు దొరికింది సాయంత్రం షిఫ్టు. నేను ముసునూరు వైపు ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని. నాలుగింటికి బడి వదలగానే స్కూటీ మీద నూజివీడు చేరేసరికి, ఆయన షేర్ ఆటోలో వచ్చి, బరువు చూయించుకుని, కిటికీ పక్కన తన మంచం మీద పడుకుని ఉండేవాడు. సిస్టర్ సూదులు గుచ్చి మిషన్ ఆన్ చేసేది. నేను మంచం పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని పిల్లల నోట్సులు దిద్దుకునేదాన్ని.

జబ్బు పడకముందు ఆయన మామిడికాయల ప్యాకింగ్ యార్డులో సూపర్‌వైజర్. కాయ చేతిలోకి తీసుకోగానే ఎన్ని రోజుల్లో పండుతుందో చెప్పేవాడు. సీజన్లో రోజుకు నాలుగు గంటలు కూడా కూర్చునే మనిషి కాదు. అలాంటివాడు ఇప్పుడు నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి. వార్డులో ఒక టీవీ ఉంది కానీ రిమోట్ ఎవరి దగ్గర ఉంటుందో ఎవరికీ తెలియదు. ఫోన్ ఒంటిచేత్తో పట్టుకుంటే పావుగంటకే చెయ్యి లాగేసేది. మొదటి ఆరు నెలలూ ఆయన పైకప్పు ఫ్యాను చూస్తూ గడిపాడు. నేను ఏదైనా మాట్లాడబోతే ‘ఊఁ’ అనేవాడు.

ఒకరోజు ఇంట్లో అన్నాడు. “నీ బీఈడీ అప్పటి ల్యాప్‌టాప్ అల్మరాలో ఉంది కదా, పనిచేస్తుందా?”

“ఏమో. తెరిచి ఎన్నేళ్ళయిందో. ఎందుకండీ?”

“ఊరికే.”

ఆ వారంలోనే దాన్ని విస్సన్నపేటలో కంప్యూటర్లు బాగుచేసే తన పాత స్నేహితుడి దగ్గరికి పట్టుకెళ్ళాడు. తిరిగి తెచ్చినప్పుడు అందులో ఒక ఆట ఉంది. ఆయన డిగ్రీ చదివే రోజుల్లో నూజివీడులో నెట్ సెంటర్లు కొత్త. క్లాసులు ఎగ్గొట్టి, నలుగురు స్నేహితులు పక్కపక్క కంప్యూటర్ల మీద కూర్చుని, ఒకరి రాజ్యం మీద ఒకరు దండెత్తుకునేవాళ్ళట. ఆ ఆటే ఇది. ఇప్పటి ఆటలు ఆ ల్యాప్‌టాప్ మోయలేదు కానీ, ఈ పాతదానికి నెట్ అక్కర్లేదు, పెద్ద మిషనూ అక్కర్లేదు.

నాకు ఒళ్ళు మండింది. పొద్దున ఐదింటికి లేచి, ఉప్పు లేకుండా ఆయనకు ఒక కూర, ఉప్పుతో నాకు ఒక కూర వండి, బడికి పరిగెత్తి, ఆరు పీరియడ్లు నిలబడి, ఇక్కడికొచ్చి స్టూలు మీద కూర్చుంటే, ఈ మనిషి పిల్లాడిలా ఆటలాడతాడా అనుకున్నాను. అయినా మంచానికి అడ్డంగా పెట్టే భోజనం బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి, మౌసు ఆయన కుడిచేతికి ఇచ్చి, మళ్ళీ నోట్సుల్లో తల పెట్టుకున్నాను.

చిక్కేంటంటే ఆ ఆటకు రెండు చేతులూ కావాలి. మౌసు కుడిచేతికి, కీబోర్డు ఎడమచేతికి. ఆయన ఎడమచేతిలోనే సూదులున్నాయి. డయాలసిస్ కోసం ఆ చేతిలోని రక్తనాళాల్ని కలిపి ఆపరేషన్ చేశారు. సూదులు గుచ్చాక ఆ చెయ్యి కదలకూడదు. మొదటిరోజే, ఆటలో ఎవరో ఆయన ఊరి మీద పడ్డారనుకుంటాను, ఆయన గభాలున ఎడమచెయ్యి ఎత్తాడు. మిషన్ కీచుమని అరిచింది. సిస్టర్ పరిగెత్తుకొచ్చింది.

“ఏంటి సార్ ఇది? సూది పక్కకి జరిగితే చెయ్యంతా వాచిపోద్ది. ఇంకోసారి ఇలా చేస్తే కంప్యూటర్ బయట పెట్టించేస్తాను.”

ఆయన తలొంచుకున్నాడు. యార్డులో యాభై మందిని ఉరుకులు పెట్టించిన మనిషి, చేతిలో మౌసు పట్టుకుని, తిట్లు తిన్న ఏడో తరగతి పిల్లాడిలా పడుకున్నాడు. నాకు చూడబుద్ధి కాలేదు. ఎర్రపెన్ను మూతపెట్టి, స్టూలు ఆయన కుడివైపుకు లాక్కుని, ల్యాప్‌టాప్ కొంచెం నా వైపు తిప్పుకున్నాను.

“చెప్పండి. ఏది నొక్కాలి?”

ఆయన నా ముఖంలోకి చూశాడు, వేళాకోళం ఆడుతున్నానేమోనని. “హెచ్,” అన్నాడు మెల్లగా. “హెచ్ నొక్కితే మన ఊరి మధ్యకు వెళ్తుంది.”

హెచ్ నొక్కాను.

అలా మొదలైంది. ‘నొక్కు’ అంటే నొక్కడమే తప్ప నాకు మొదట్లో ఏమీ అర్థమయ్యేది కాదు. రెండు మూడు వారాలకు తెర మీద జరిగేది తెలియసాగింది. మొదట అంతా కటికచీకటి. మధ్యలో ఒక పెద్ద ఇల్లు, ముగ్గురు మనుషులు, వేలిగోరంత. వాళ్ళను పంపితే చెట్లు నరుకుతారు, పొదల్లో పళ్ళు కోస్తారు, పొలం దున్నుతారు, రాయి తవ్వుతారు. నడిచినకొద్దీ చీకటి విడిపోయి కింద నేల కనబడుతుంది. చేరిన తిండిని బట్టి ఇంకో మనిషి, చేరిన కలపను బట్టి ఇంకో ఇల్లు. గంటకల్లా అక్కడ ఒక ఊరు. ఆ ఊరికి గోడ, గోడ అవతల శత్రువు.

ఆ ఆట తయారుచేసినవాళ్ళెవరో గానీ పనిచేసేవాళ్ళను శ్రద్ధగా చూసిన మనుషులని నాకు అనిపించేది. గొడ్డలి పట్టినవాడు ఒకలా వంగుతాడు, పళ్ళు కోసేది ఇంకోలా వంగుతుంది. మోపు ఎత్తుకున్న మనిషి నడక మారుతుంది. పిలిస్తే ఏదో తెలియని భాషలో ఒక్క మాట పలికి పనిలోకి పోతారు. పొలం కొన్ని పంటలకే సారం అయిపోయి బీడుపడుతుంది, మళ్ళీ కొంత కలప ఖర్చుపెట్టి విత్తాలి. చెట్టు నరికితే మాత్రం మళ్ళీ మొలవదు. ఆట చివరికి ఊరి చుట్టూ మోళ్ళు మిగులుతాయి. పామాయిల్ వేయడానికి పాత మామిడితోటలు కొట్టేసిన చోట రోడ్డు పక్కన నేను రోజూ చూసే మోళ్ళు అచ్చం అలాగే ఉంటాయి.

ఇంకొకటి. ఎవరైనా పనిలేకుండా నిలబడితే చూపించడానికి ఒక కీ ఉంది. అది నొక్కితే, పొద చివర పళ్ళన్నీ అయిపోయి చేతులు వేలాడేసుకుని నిలుచున్న ఆడమనిషి దగ్గరికి తెర వెళ్ళి ఆగుతుంది. ఆయన వెంటనే ఆమెను అడవికి తోలేవాడు.

“ఒక్క నిమిషం నిలబడనివ్వండి పాపం,” అన్నాను ఒకసారి.

“నిలబడితే ఓడిపోతాం,” అన్నాడాయన.

నిజమే. అయినా ఆ ఆడమనిషిని చూస్తే నాకు అసూయగా ఉండేది.

లెక్కల టీచర్ని కాబట్టి కొన్నాళ్ళకు నా బుద్ధి ఊరుకోలేదు. ఎంతమంది పళ్ళు కోస్తే ఎంతసేపటికి ఒక కొత్త మనిషి వస్తాడు, ఎంతమంది కట్టెలు కొడితే పొలాలు బీడుపడకుండా ఉంటాయి అని స్టాఫ్ రూములో కాగితం మీద లెక్క వేశాను. ఆ పంపకం ప్రకారం ఆడితే మేం ముందుకంటే త్వరగా కోట కట్టగలిగాం. ఆయన అంత గట్టిగా నవ్వడం విని ఆరేడు నెలలైంది. “నెట్ సెంటర్లో మాకెవరికీ ఈ ఆలోచన రాలేదే,” అన్నాడు. పెళ్ళయిన పదహారేళ్ళలో నా లెక్కల్ని ఆయన మెచ్చుకోవడం అదే మొదలు.

పక్క మంచం పేషెంటు రెడ్డిగూడెం వైపు నుంచి వచ్చే ఒక ముసలామె. ఆమెతో భర్త వచ్చేవాడు. మామిడితోటలకు కాపలా ఉండటం అతని పని. డెబ్బై దాటి ఉంటాయి, సన్నగా, నిటారుగా ఉండేవాడు. ముసలామె సూదులు గుచ్చగానే నిద్రపోయేది. తాతకు తోచక స్టూలు జరుపుకుంటూ జరుపుకుంటూ మా మంచం చివరికి వచ్చి, మా తెర చూడటం మొదలుపెట్టాడు. రెండు వారాలు ఊరికే చూశాడు. మూడో వారం ఆపుకోలేకపోయాడు.

“బాబుగారూ, ఏమనుకోవద్దు. ఆ పడమటి మూల ఎవుళ్ళూ లేరండి. దొంగోడు ఎప్పుడూ మనిషి లేని వైపు నుంచే వత్తాడు.”

మా ఆయన నవ్వి, “అటు కొండ ఉంది తాతా, ఎవడూ రాడు,” అన్నాడు.

పది నిమిషాల్లో శత్రువులు ఆ కొండ పక్క సందులోంచే వచ్చి మా పొలాలు తగలబెట్టారు. తాత తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఆ తర్వాతి ఆట నుంచి కాపలా బురుజు ఎక్కడ కట్టాలో మా ఆయన తాతనే అడిగేవాడు.

ఆ ఆటలో ఒక ఘట్టం ఉంది. మూడు వైపుల నుంచి వచ్చే మూడు సైన్యాలను తట్టుకుని, చెప్పినంత సేపు కోటను నిలబెట్టుకోవాలి. కాలేజీ రోజుల్లో కూడా ఆయన దాన్ని దాటలేదట. ఈసారి దాటి తీరాలని పట్టుబట్టాడు. జనవరిలో మొదలుపెట్టాం. తోటల్లో పూత రాలి పిందె కట్టింది, మేం ఇంకా ఓడిపోతూనే ఉన్నాం. మా చర్చిలో పాస్టరుగారు ఆయన కోసం ప్రార్థన చేయించి, “ఎలా ఉన్నారండీ?” అని అడిగితే, “ఆదివారం కాబట్టి బాగున్నాను, మంగళవారం మళ్ళీ యుద్ధం,” అనేవాడు. పాస్టరుగారు వేరే అర్థం తీసుకుని, భుజం తట్టి వెళ్ళేవారు.

మార్చి వచ్చింది. పదో తరగతి పరీక్షలు, నాకు ఇన్విజిలేషన్ డ్యూటీ వేరే బడిలో. ఎండలో ముప్పావుగంట బండి మీద పోవడం, మూడు గంటలు గదిలో నిలబడటం, మళ్ళీ మా బడికి రావడం, అక్కడి నుంచి ఆస్పత్రి. ఒక గురువారం స్టూలు మీద కూర్చున్నప్పటికే నా కళ్ళు మూతలు పడుతున్నాయి. ఆ రోజు ఆట మాత్రం ఎన్నడూ లేనంత బాగా సాగుతోంది. రెండు సైన్యాల్ని తిప్పికొట్టాం. మూడోది కోట తలుపు దగ్గరికొచ్చింది. ఇంకో ఐదు నిమిషాలు నిలబడితే చాలు.

నేను నిద్రపోయాను. ఎంతసేపో తెలియదు, నిమిషం కూడా అయి ఉండదు. నా వేలు ఏదో కీ మీద పడి అలాగే ఉండిపోయింది. ఆయన అరుపుకు మెలకువ వచ్చింది. నేను నొక్కింది ఊరివాళ్ళను లోపలికి పిలిచే గంట. మావాళ్ళంతా చేతిలో పని వదిలేసి ఇళ్ళల్లోకి దూరిపోయారు. గోడ బాగుచేసేవాళ్ళు లేరు. తలుపు విరిగిపోయింది.

“ఏంటే ఇది! ఏం చేశావ్? రెండు నెలల నుంచీ… ఒక్క వేలు పెట్టి నొక్కే పని, అది కూడా చేతకాదా నీకు?”

వార్డంతా మా వైపు చూసింది. ముసలామెకు కూడా మెలకువ వచ్చింది. నేను గొంతు పెంచలేదు. పెంచే ఓపిక లేదు.

“మీకు ఒక చెయ్యే ఆ మిషనుకి కట్టేశారండీ. నాకు రెండు చేతులూ కట్టేసినట్టే ఉంది.”

లేచి బయటికి వచ్చేశాను. ఆ మాట ఇన్నాళ్ళూ నా లోపల ఉందని నాకే తెలియదు. ఆస్పత్రి ఆవరణలో బెంచీ మీద కూర్చున్నాను. రోడ్డు మీద ఖాళీ ట్రేలు వేసుకుని లారీలు పోతున్నాయి, సీజన్‌కి యార్డులు సిద్ధమవుతున్నాయి. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. మంచి జరగాలనో చెడు జరగాలనో ఏమీ కోరుకోలేదు. ఆ బెంచీ మీద నుంచి నన్ను ఎవరూ లేపకపోతే చాలనిపించింది. ఆయన తల్లిలేని మనిషి, చిన్నప్పటి నుంచి తన పని తానే చేసుకున్నవాడు, నీళ్ళు గ్లాసుతో కొలుచుకుని తాగుతున్నాడు, ఒక్క ఆట కోసం అరిస్తే మాత్రం ఏమైంది అని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకున్నా కాళ్ళు లేవలేదు. అరగంట పైనే అలా కూర్చుని ఉంటాను.

లోపలికి వెళ్ళేసరికి నా స్టూలు మీద తాత ఉన్నాడు. వీపు నిటారుగా పెట్టి, కుడిచేతి చూపుడువేలు కీబోర్డు మీద ఎత్తిపట్టుకుని, తోటలో ఉడత కోసం కాచుకున్నట్టు కూర్చున్నాడు.

“తాతా, ఊరు,” అన్నాడు మా ఆయన.

తాత వేలు దిగింది. సరిగ్గా హెచ్ మీద. అతనికి తెలుగు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు, ఇంగ్లీషు అసలు రాదు. నన్ను చూసి కంగారుగా లేవబోయాడు.

“అమ్మగారు నొక్కుతుంటే రోజూ చూత్తన్నాను కదమ్మా. మూడో వరసలో గుంట పడ్డ బటనుకి పక్కది ఊరు. చివర కింద చుక్క ఉన్నది పని లేనోళ్ళని చూపిత్తది. తప్పైతే చెప్పండి.”

“తప్పేం లేదు తాతా, కూర్చో,” అన్నాను.

నా పని అంత తేలిగ్గా ఇంకొకరు చేయగలరని తెలిసి ఒక్క క్షణం చిన్నబుచ్చుకున్నాను. ఆ వెంటనే ఒళ్ళంతా వదులైపోయింది. ముసలామె తన మంచం పక్క స్టూలు వైపు కళ్ళతో చూపించింది. అక్కడ కూర్చుని, ఆమె దుప్పటి అంచు మీద తల వాల్చి నిద్రపోయాను. షిఫ్టు అయ్యేదాకా నన్ను ఎవరూ లేపలేదు.

సూదులు తీశాక గుచ్చిన చోట దూది పెట్టి పది నిమిషాలు అదిమిపట్టాలి. ఆ పని నాదే. అదిమిపట్టి నిలుచున్నప్పుడు ఆయన నా ముఖం చూడకుండా అన్నాడు. “మంగళవారాలు నువ్వు రావద్దు. తాత ఉంటానన్నాడు. మన వీధి వైపు వచ్చే ఇంకో పేషెంటుతో కలిసి ఆటోలో వచ్చేస్తాను.”

“దూది ఎవరు పడతారు?”

“నా కుడిచెయ్యి ఖాళీయే కదా.”

క్షమించమని ఆయన ఎప్పుడూ అడగలేదు. నేనూ అడగలేదు.

మొదటి మంగళవారం బడి నుంచి నేరుగా ఇంటికి వచ్చాను. చెప్పులు విప్పి, చీర కూడా మార్చుకోకుండా పడుకున్నాను. లేచి చూస్తే కిటికీలో ఇంకా వెలుతురుంది. ఇప్పుడేం చేయాలో తోచక, లేచి ఇల్లంతా ఒకసారి తిరిగి, మళ్ళీ పడుకున్నాను. రెండో మంగళవారమూ అంతే. మూడో మంగళవారం ఏడున్నరకు ఫోన్ మోగింది. ఏమైందోనని గబుక్కున అందుకున్నాను. అవతల తాత గొంతు, పొలం గట్టు మీద నుంచి కేకేసినట్టు.

“అమ్మగారూ! గెలిచేశామండి! ముగ్గురినీ తోలేశాం! బాబుగారు నవ్వుతానే ఉన్నారండి!”

వెనక ఎవరో చప్పట్లు కొడుతున్నారు. మెల్లగా మాట్లాడమని సిస్టర్ కసురుతోంది. మా ఆయన ఫోన్ అందుకుని, “నీ లెక్కే వాడాం. రాయి దగ్గర ఐదుగురే,” అన్నాడు. బాగుందన్నాను. రెండు నెలలు నేను నొక్కిన కీలు, గెలిచినప్పుడు నేను లేను. కొంచెం కష్టమనిపించింది. ఫోన్ పెట్టేసి, కాసేపటికి, మళ్ళీ నిద్రపోయాను.

ఏప్రిల్లో కాయ ముదిరింది. తాతకు సాయంత్రాలు కాపలా తప్పదు కాబట్టి ముసలామెను పొద్దుటి షిఫ్టుకు మార్పించుకున్నారు. వాళ్ళు సాయంత్రం వచ్చిన చివరి శనివారం తాత తువ్వాలులో చుట్టి ఒక చిన్నరసం తెచ్చాడు, సీజన్లో ముందుగా పండిన కాయ. డయాలసిస్ వాళ్ళకు మామిడిపండు విషంతో సమానం, అందులోని పొటాషియం గుండెను ఆపేస్తుంది. ఇంత మామిడి దేశంలో ఉండి ఆయన రెండు సీజన్లుగా పండు ముట్టలేదు. సిస్టర్ గడియారం చూసి, మిషన్ ఎక్కి గంట కూడా కాలేదు, మిగతా సమయంలో అదే కడిగేస్తుంది కాబట్టి, చెంచాడు, అంతకు మించి వద్దంది. నేను పండు మెత్తగా పిసికి ముచ్చిక తీసి చెంచాలోకి పిండాను. ఆయన దాన్ని మింగకుండా చాలాసేపు నోట్లో పెట్టుకున్నాడు.

“ఇది గట్టునేల చెట్టు కాయ,” అన్నాడు చివరికి. “నీళ్ళు తక్కువ పెట్టిన తోట.”

“అవునండి!” అన్నాడు తాత, తన కొడుకు పరీక్ష పాసైనంత సంబరంగా. మిగతా పండు ఎవరూ తినలేదు. ముసలామెకూ పనికిరాదు, నాకు మనసొప్పలేదు. తాత దాన్ని మళ్ళీ తువ్వాలులో చుట్టుకున్నాడు.

ఆ తర్వాతి మంగళవారం నుంచి మళ్ళీ నేనే వెళ్ళాలి. సంతోషంగా ఒప్పుకున్నానంటే అబద్ధం. సోమవారం సాయంత్రం స్కూటీలో పెట్రోలు పోయించుకొచ్చి, బ్యాగు సర్దుతుంటే ఆయన అడిగాడు.

“ఎక్కడికి?”

“రేపు ఆస్పత్రికేనండీ. ల్యాప్‌టాప్ ఛార్జింగ్ పెడుతున్నాను.”

“మంగళవారాలు నేను ఆడను. పడుకుంటాను. నాకూ అలుపుగా ఉంటోంది. నువ్వు గురువారం, శనివారం వస్తే చాలు.”

ఆయనకు అంత అలుపు లేదని నాకు తెలుసు. అది నాకు తెలుసని ఆయనకూ తెలుసు. కనీసం ఒక్కసారి, ‘ఎందుకండీ, వస్తాలెండి’ అని పైపైకైనా అని ఉండాల్సింది. అనలేదు. ల్యాప్‌టాప్ వైరు చుట్టి అల్మరాలో పెట్టేశాను.

అప్పటి నుంచి అలాగే నడుస్తోంది. కిడ్నీ కోసం పేరు రాయించాం, పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదు. గురు, శనివారాలు ఆ తర్వాతి ఘట్టం ఆడుతున్నాం, అది ఇంకా కష్టం. తాత ఎప్పుడైనా ఫోన్ చేసి, ఇప్పుడు ఏ మూలన ఉన్నారని అడుగుతాడు. మంగళవారం నేను ఐదింటికల్లా ఇంట్లో ఉంటాను. తలుపు దగ్గరికి వేసి, ఫ్యాను కింద పడుకుంటాను. ఎనిమిదిన్నర దాటాక ఫోన్ మోగుతుంది. “అయిపోయింది, ఆటో ఎక్కాను,” అంటాడు. అప్పుడు లేచి కుక్కర్ పెడతాను.